మూడు ప్లేట్ల పరీక్ష

పిచిక చదువుతున్న డిగ్రీ పేరు ఒకసారి చెబితే ఎవరికీ అర్థం కాదు, రెండోసారి చెబితే నవ్వుతారు. వినియోగదారుల శాస్త్రం. అదేం చదువమ్మా అని పక్కింటి టైలర్ అడిగాడు. జనం వస్తువులను ఎలా ఎంచుకుంటారు, తెచ్చుకున్నాక ఎలా వాడతారు, ఎక్కడ మోసపోతారు, మోసపోకుండా ఏం చెయ్యాలి, ఇవన్నీ చదువుతామని ఓపిగ్గా చెప్పింది. సూదిలో దారం ఎక్కిస్తూ ఆయన అంతా విన్నాడు. అంటే కొనుక్కోవడానికి కూడా కాలేజీకి వెళ్లాలన్నమాట, మా ఆవిడ వెళ్లకుండానే బంగారు పతకం కొట్టేసేది అన్నాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. అప్పటి నుంచి ఎవరడిగినా పిచిక, సైన్సు చదువుతున్నానని ముక్తసరిగా చెప్పి ఊరుకుంటోంది.

చదువు మాత్రం నవ్వులాట కాదు. డిపార్ట్‌మెంటు కింది అంతస్తులో వరసగా బట్టలు ఉతికే యంత్రాలు ఉంటాయి. ఒకే గుడ్డను పదే పదే ఉతికి, రంగు ఎంత దిగిందో చూసి రాయాలి. పక్క గదిలో ఒక యంత్రం జిప్పులను లాగుతూ వేస్తూ ఉంటుంది, జిప్పు తెగేదాకా దగ్గర కూర్చోవాలి. ప్రశ్నలు అడగడం మీదే ఒక పేపరు ఉంది. ఈ సబ్బు మీకు ఎంత బాగా నచ్చింది అని అడిగితే మార్కులు పోతాయి, ఎందుకంటే నచ్చిందో లేదో ముందు అడగాలి. ఎదుటివాడి నోట్లో మన మాట పెట్టకూడదు అన్నది ఆ పేపరు మొత్తానికి సారాంశం. ఆ ఒక్క ముక్క చెప్పడానికి లావుపాటి పుస్తకం ఎందుకని పిచికకు మొదట్లో అనిపించేది. తర్వాత తనే రోజుకు నాలుగుసార్లు ఆ తప్పు చేస్తున్నదని తెలిసి, పుస్తకం ఇంకొంచెం లావుగా ఉన్నా ఫరవాలేదు అనుకుంది.

పిచిక అని పేరు పెట్టింది పెద్దమ్మ. పిల్ల పళ్లెంలోది గింజ గింజ ఏరుకుని తినేదని అలా పిలిచింది, అదే స్థిరపడిపోయింది. తల్లి పోయినప్పుడు పిచికకు ఊహ తెలియదు. తల్లికి అక్క ఈవిడే. పిల్లను చంకనేసుకుని తన రెండు గదుల వాటాకు తెచ్చుకుంది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, ముందు దీన్ని బడిలో వెయ్యనివ్వండి అనేదట. దాన్ని బడిలో వేసి, కాలేజీలో వేసేసరికి పెళ్లి మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. ఆ సంగతి ఆవిడే నవ్వుతూ చెబుతుంది.

ఆవిడ ఉద్యోగం బిస్కెట్ల ఫ్యాక్టరీలో, రుచి చూసే గదిలో. పిండి కలిపేవాళ్లు, కాల్చేవాళ్లు, డబ్బాల్లో పెట్టేవాళ్లు వందల మంది ఉన్నారు గానీ తెల్లకోటు వేసుకుని కుర్చీలో కూర్చునేవాళ్లు నలుగురైదుగురే. కాల్చిన ప్రతి బ్యాచి నుంచి కాసిని బిస్కెట్లు ఆ గదికి వస్తాయి. వాళ్లు కొరికి, నమిలి, సరే అంటే లారీ ఎక్కుతుంది, కాదంటే ఆగిపోతుంది. నూనె కాస్త పాతబడినా, పిండి సంచికి పక్కన ఉన్న సబ్బు డబ్బా వాసన పట్టినా పెద్దమ్మ ముక్కు ముందే పట్టేసేది. యంత్రం బాగుందని రిపోర్టు ఇచ్చిన నూనెను ఆవిడ బాగాలేదని ఆపేసిన సందర్భం ఉంది. మళ్లీ పరీక్ష చేయిస్తే యంత్రానిదే తప్పని తేలింది. ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను నాలుకమ్మ అంటారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నమాట లోకానికి చెల్లుతుంది గానీ ఆ ఫ్యాక్టరీలో మాత్రం జిహ్వ ఒక్కటే, అది పెద్దమ్మది. ఆవిడకు దానిమీద గర్వం లేకపోలేదు. మనిషికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఆ ఫ్యాక్టరీలోనే కుదిరింది. రుచి చూసేవాళ్లందరినీ పరీక్షించి, నిలబడినవాళ్లనే ఆ కుర్చీల్లో ఉంచాలని యాజమాన్యం కొత్తగా నిబంధన పెట్టింది. తప్పినవాళ్లు ప్యాకింగ్ హాలుకు వెళ్లాలి. పరీక్ష పెట్టడానికి బయటివాళ్లు కావాలని మేనేజరు యూనివర్సిటీని అడిగాడు. ప్రొఫెసరమ్మ పిచికను పిలిచి, మీ పెద్దమ్మ కూడా ఆ గదిలోనే కదా, నీకేమైనా ఇబ్బందా అని అడిగింది. ఇబ్బంది దేనికి, ఆవిడకు పరీక్షే అక్కర్లేదు అంది పిచిక. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇక్కడ ఇల్లూ రచ్చా ఒకే చోట దొరికాయని లోలోపల సంబరపడింది కూడా.

పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. మనిషి ముందు మూడు ప్లేట్లు పెడతారు. ఒక్కో ప్లేటులో ఒక బిస్కెట్ ముక్క. రెండు ముక్కలు ఒకే పిండివి, మూడోది వేరు, పాతబడిన నూనెతో చేసింది. ఆ వేరేది ఏదో చెప్పాలి. ప్లేట్ల మీద పేర్లుండవు, అర్థం లేని అంకెలుంటాయి. రంగు చూసి కనిపెట్టకుండా గదిలో ఎర్ర దీపం వెలిగిస్తారు. తెలియకపోయినా ఏదో ఒక అంకెకు గుర్తు పెట్టాల్సిందే, తెలియదు అని రాయడానికి కాగితంలో చోటుండదు. ఇలా ఒక్కొక్కరికీ చాలాసార్లు చేస్తారు. గుడ్డిగా పెట్టుకుంటూ పోయినా మూడింట ఒకటి తగులుతుంది కనుక, అంతకంటే ఎంత ఎక్కువ తగిలిందన్నదే లెక్క.

ఇంకో నియమం కూడా ఉంది. ప్లేట్లు సిద్ధం చేసిన మనిషి వాటిని అందించకూడదు. ఏ అంకె వెనక ఏముందో తెలియని మనిషే అందించాలి. ఇది మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు, పిచికను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అందించడానికి క్లాసులో స్నేహితురాలు కళ్లజోడు వస్తానంది. కళ్లు చిన్నవి, అద్దాలు పెద్దవి కనుక ఆ పేరు. పరీక్ష రోజు పొద్దున పన్ను పీకించుకుని, మూతి వాచిపోయి రాలేనని కబురు పంపింది. ఫ్యాక్టరీవాళ్లు అప్పటికే పని ఆపి కూర్చున్నారు. పిచిక ఒక్క క్షణం ఆలోచించి, నోరు మెదపకుండా ఇస్తే సరిపోతుందిలే అనుకుంది. ఏళ్ల తరబడి ఆ నియమం చదివినవాళ్లు మాత్రమే ఇంత ధైర్యంగా దాన్ని తప్పగలరు.

పక్క కుర్చీ అమ్మాయి, అంటే రుచి చూసే గదిలో పెద్దమ్మ పక్కన కూర్చునే కుర్రపిల్ల, కొన్ని తప్పింది. మిగతావాళ్లూ తలా కొన్ని తప్పారు. పెద్దమ్మ ఒక్కటి కూడా తప్పలేదు. ఆవిడ ప్రతిసారీ మూడూ రుచి చూసి, నీళ్లు పుక్కిలించి, చెయ్యి ఒక్కో ప్లేటు మీదికీ తీరిగ్గా తీసుకెళ్లి, తల ఎత్తి పిచికను చూసి, అప్పుడు గుర్తు పెట్టింది. పిచిక ఆ కాగితాలను అందరివాటికంటే పైన పెట్టుకుని బస్సెక్కింది.

ప్రొఫెసరమ్మ కాగితాలు తిరగేసి, ప్లేట్లు ఎవరు సర్దారని అడిగింది. నేనే అంది పిచిక. అందించింది ఎవరని అడిగింది. పిచిక నీళ్లు నమిలింది.

“అయితే ప్లేట్లు మూడు కావు, నాలుగు. నాలుగో దాంట్లో నీ మొహం పెట్టి ఇచ్చావు. మళ్లీ చెయ్యి,” అంది ప్రొఫెసరమ్మ.

ఆవిడ కోప్పడదు. కోప్పడితే బాగుండునని పిల్లలు అనుకుంటారు. ఈసారి గోడకు ఉన్న చిన్న కిటికీలోంచి ప్లేట్లు అందించమని, అటువైపు కళ్లజోడు మాత్రమే ఉండాలని, పిచిక వెనక గదిలోంచి కదలకూడదని చెప్పింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. వంటగదికీ ఆ గదికీ మధ్య తలుపు లేదు. పిచిక చెప్పులు విప్పుతూనే సంగతంతా చెప్పింది. మళ్లీ చేయాలట, నియమం తప్పాను, నీకేం భయం, ఇంకోసారి అన్నీ కొట్టేస్తావు అంది. పెద్దమ్మ దిండు గలీబు నాలుగు మడతలు పెట్టింది, మళ్లీ విప్పింది, మళ్లీ పెట్టింది.

“నువ్వుండవా అక్కడ?” అంది.

“ఉండకూడదు. కళ్లజోడు ఇస్తుంది. దానికి కూడా ఏది ఏదో తెలియదు.”

పెద్దమ్మ తువ్వాలు అందుకుంది. అప్పుడు పిచికకు మాడు వాసన తగిలింది. స్టవ్ మీద పాలు పొంగి, పొర్లి, గిన్నె అడుగు నల్లబడుతోంది. ఆ వాసన గదంతా నిండిపోయింది. పెద్దమ్మ స్టవ్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చుని తువ్వాలు మడత పెడుతోంది.

“పెద్దమ్మా, పాలు.”

“ఏం పాలు?”

పిచిక వెళ్లి స్టవ్ ఆపింది. వెనక్కి తిరిగి చూసేసరికి పెద్దమ్మ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని తల దించుకుని ఉంది. దొరికిపోయినవాళ్లు అలాగే కూర్చుంటారు. అడగాల్సింది పిచికే గనుక అడిగింది. ఎప్పటి నుంచి అంది. ఆమధ్య జ్వరం వచ్చినప్పటి నుంచి అంది పెద్దమ్మ. జ్వరం తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, అంతకు మించి ఏదీ తెలియదు. డాక్టర్ దగ్గరికి వెళితే కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, చూద్దాం అన్నాడట. ఆ చూద్దాం అనడం నచ్చక ఆవిడ మళ్లీ వెళ్లలేదు.

“మరి అన్నీ కరెక్టుగా ఎలా పెట్టావు?”

“నీ మొహం చూసి పెట్టాను. నా చెయ్యి సరైనదాని మీదికి పోగానే నువ్వు ఊపిరి బిగబట్టావు. ప్రతిసారీ అంతే.”

పిచికకు ముందు కోపం వచ్చింది. ఆ కోపం పెద్దమ్మ మీద కాదు, పెద్దమ్మ తనకు చెప్పకపోవడం మీద. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గిన్నెలోది తింటూ, జ్వరం తగ్గిన ఇన్నాళ్లకు పాలు మాడితే గానీ తెలియలేదంటే, జనం ఏం కోరుకుంటారో చదివిన చదువు ఏమైనట్టు? ఇదే మాట తనను తాను ప్రశ్నించుకుంది.

ఫ్యాక్టరీలో ఎలా నెట్టుకొస్తున్నావని అడిగితే అక్కడా అంతే అంది పెద్దమ్మ. పక్క కుర్చీ అమ్మాయి ముందు కొరుకుతుంది. ఆ పిల్ల ముక్కు ముడిస్తే తనూ కాదంటుంది, ముడవకపోతే తనూ సరే అంటుంది. పైగా ఆ పిల్ల, నాలుకమ్మ కూడా నాలాగే అందని మురిసిపోతోందట. ఆ ముక్క చెప్పి పెద్దమ్మ నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది.

ప్యాకింగ్ హాలులో రోజంతా నిలబడాలి. అక్కడ తెల్లకోటు ఉండదు, యంత్రాల మోతలో పక్కవాళ్ల మాట వినపడదు. పెద్దమ్మ మోకాళ్లు ఎప్పుడో మొరాయిస్తున్నాయి. కానీ ఆవిడ భయం మోకాళ్ల గురించి కాదు. ఆ కుర్చీలో కూర్చుని సరే, కాదు అనడమే ఆవిడ బతుకులో తనంతట తాను సంపాదించుకున్నది. అది పోతే తనెవరో ఆవిడకే తెలియదు. ఇదంతా ఆవిడ చెప్పలేదు. “అంకెలు వేసేది నువ్వే కదా,” అని మాత్రం అంది, అదీ ఒక్కసారే. తర్వాత బట్టల దొంతర ఎత్తుకుని బీరువా దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు కాలేజీలో పిచిక అంకెల పట్టిక ముందు కూర్చుంది. పట్టికలో అంకెలు ఎలా వస్తే అలా తీసుకోవాలి, మనం ఎంచకూడదు. పిచిక ఎంచింది. ప్రతి మూడింట్లోనూ వేరేదాని అంకె చివర ఏడు వచ్చేలా ఎంచింది, మిగతా రెండింటికీ ఏడు రాకుండా చూసుకుంది. చేతులు వణకలేదు. తప్పు చేసేటప్పుడు చేతులు వణుకుతాయని చెప్పేది ఎప్పుడూ తప్పు చెయ్యనివాళ్లే అయి ఉండాలి. ప్యాకెట్టు విప్పే మనిషి మనకు కనపడడు, అయినా మనం అతని పక్షాన ఉండాలి అని ప్రొఫెసరమ్మ మొదటి క్లాసులో చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. ఆ మనిషి ఎవరో, ఏ వీధిలో ఉంటాడో. పెద్దమ్మ మాత్రం పక్క గదిలో ఉంటుంది. మింగలేక కక్కలేక రెండు రోజులు గడిపి, పరీక్ష రోజు పొద్దున పెద్దమ్మ తల దువ్వుకుంటుంటే వెనక నిలబడి చెప్పింది.

“చివర ఏడు ఉన్నది.”

పెద్దమ్మ దువ్వెన ఒక్కసారి ఆగింది. జడ అల్లుకుని, తెల్లకోటు సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

వెనక గదిలో పిచిక ప్లేట్లు సర్ది పంపుతూ ఉంది. అటు ఎవరు కూర్చున్నారో కళ్లజోడు చెప్పకూడదు, చెప్పలేదు. గోడ అవతల నీళ్లు పుక్కిలించిన చప్పుడు మాత్రం వినిపించేది. అందరూ అయ్యాక కళ్లజోడు కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరూ కూర్చుని సరిచూశారు. పక్క కుర్చీ అమ్మాయి ఈసారి బాగా చేసింది. పెద్దమ్మ కాగితాలు చివర వచ్చాయి.

మొదటిది తప్పు. రెండోదీ తప్పే. కళ్లజోడు అద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్కటి కూడా తగల్లేదు. పాపం, ఆవిడకు ఇవాళ అదృష్టం కూడా లేదే అంది.

పిచిక కాగితాలు తన వైపు లాక్కుంది. గుర్తులన్నీ గుండ్రంగా, గట్టిగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. తెలియనివాడు గుడ్డిగా పెడితే మూడింట ఒకటి తగులుతుంది. ఇన్నిసార్లలో ఒక్కటైనా తగలకుండా పోవాలంటే, ఏది ఒప్పో ప్రతిసారీ తెలిసి ఉండాలి. పెద్దమ్మ ప్రతిసారీ ఏడు ఎక్కడుందో చూసుకుంది. చూసుకుని పక్కదానికి గుర్తు పెట్టింది.

ఈ సంగతి పిచికకు తెలిసినంత వేగంగానే ప్రొఫెసరమ్మకూ తెలుస్తుంది, ఆ లెక్క నేర్పింది ఆవిడే కదా. మర్నాడు కాగితాలు చూసి, ఆ ఒక్క మనిషివి విడిగా తీసి పెట్టుకుంది.

“ఏమీ తెలియని మనిషికి ఇన్ని తప్పులు రావు. ఈవిడకు జవాబులు తెలుసు,” అంది. “నీకేమైనా తెలుసా?”

తెలియదు అనడానికి వీలుంది. పట్టికలోంచి వచ్చిన అంకెలే అనొచ్చు, దురదృష్టం అనొచ్చు, కళ్లజోడు అన్నట్టు. పెద్దమ్మ ఫలితం ఎలాగూ పెద్దమ్మే రాసేసుకుంది. ఇక మిగిలింది పిచికదే. ఇంతకూ పిచిక అబద్ధం చెప్పకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఆ గుండ్రటి గుర్తుల ముందు కూర్చుని అబద్ధం ఆడటానికి సిగ్గేసింది, అంతే.

“అంకెలు నేనే ఎంచాను. ఆవిడకు నేనే చెప్పాను,” అంది.

ప్రొఫెసరమ్మ ఈసారి కూడా కోప్పడలేదు. కలానికి మూత పెట్టింది. ఈ ప్రాజెక్టు చెల్లదని, వచ్చే సంవత్సరం ఇంకోటి మొదటి నుంచి చేసుకోవాలని, అప్పటిదాకా డిగ్రీ రాదని చెప్పింది. ఫ్యాక్టరీలో పరీక్ష వేరేవాళ్లు మళ్లీ పెడతారట. కాగితాలు సొరుగులో వేసి తాళం వేసింది. పిచిక లేచి బయటికి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ అప్పటికే వచ్చి ఉంది. సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది, ఖాళీగా. తెల్లకోటు అందులో లేదు. ఫలితం వచ్చేదాకా కూడా ఆగకుండా మేనేజరుకు తనే చెప్పి, కోటు ఇచ్చేసి వచ్చిందట. ఒకసారి చేత్తో చెప్పాక నోటితో చెప్పడం అంత కష్టం కాలేదు అంది. సోమవారం నుంచి ప్యాకింగ్.

పిచిక తన సంగతి చెప్పింది. పెద్దమ్మ గరిటె పక్కన పెట్టింది.

“అన్నీ తప్పు పెడితే కూడా పట్టుకుంటారా?”

“పట్టుకుంటారు.”

“నాకు తెలియదే. తెలిస్తే రెండు మూడు ఒప్పులు పెట్టేదాన్ని. నీ డిగ్రీ నా మూలంగా పోయింది.”

పోలేదు, ఏడాది ఆలస్యమైంది, అదీ నా మూలంగానే అంది పిచిక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇద్దరిలో ఎవరికీ చేతకాదు కనుక ఆ విషయం అక్కడితో ఆగింది. కానీ ఒక ప్రశ్న మిగిలింది. నీకు జవాబు చెప్పాను కదా, ఎందుకలా చేశావు అని అడిగింది. పెద్దమ్మ స్టవ్ ఆపి, కూర గిన్నె దించి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మొన్న పక్క కుర్చీ పిల్ల రాలేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. బ్యాచి వచ్చింది, కొరికాను, ఏమీ తెలియలేదు. సరే అన్నాను. లారీ వెళ్లిపోయింది.”

“అది బాగానే ఉండి ఉంటుంది.”

“ఉండి ఉంటుంది. ఎవరికి తెలుసు?” పెద్దమ్మ గిన్నె మూత తీసి పక్కన పెట్టింది. “జ్వరం తగ్గినప్పటి నుంచి ఇంట్లో కూడా నీకు ముందు పెట్టి, నువ్వు మొదటి ముద్ద మింగేదాకా నేను తినడం లేదే. కూర పాడైతే నీ మొహంలో తెలుస్తుందని చూస్తూ కూర్చుంటున్నాను. పెంచినదాన్ని, నిన్నే పరీక్షకు పెట్టి బతుకుతున్నాను. నువ్వంటే ఎదురుగా ఉంటావు. ఆ లారీలోవి తినేవాళ్ల మొహాలు నాకెక్కడ కనపడతాయి?”

పిచికకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. పెద్దమ్మ కూడా ఊరుకో అనలేదు, ఆవిడ కళ్లూ అలాగే ఉన్నాయి. కాసేపటికి పిచిక చెయ్యి కడుక్కుని వచ్చి, గిన్నెలోంచి కాస్త కూర తీసుకుని వాసన చూసింది. నోట్లో పెట్టుకుని మింగింది. పెద్దమ్మ తన మొహంలోకి చూడకముందే నోటితో చెప్పింది.

“బాగానే ఉంది. తిను.”

పెద్దమ్మ పళ్లెం దగ్గరికి లాక్కుంది.